మొగిలి లాగిన గత్తర బండి

గత్తరొస్తే కుమ్మరోనికి పండుగ అని గోపన్‌పల్లిల ఒక మాట ఉండేది. అన్నోడు నవ్వుకుంట అంటడు, వాని సొమ్మేం పోయింది? ఇన్నోడు తల దించుకోని పోతడు. ఆ ఇన్నోడు కుమ్మరి మొగిలి.

ఎందుకంటరో జర ఇనుండ్రి. ఇంట్ల మనిషి పోతే ఆ ఇంటి పాత కుండలన్నీ పలగ్గొట్టి కొత్తయి తెచ్చుకోవాలె. అది ఆచారం. పోలీస్ యాక్షన్ అయిన మరుసటేడు తొలకరి వానలతోని ఊర్ల గత్తర, అదే కలరా, వడ్డది. కక్కుడు, పారుడు. పొద్దుగాల మంచిగున్న మనిషి పొద్దుగూకేసరికి పాడె మీద ఉండె. "మొగిలీ, రెండు కుండలియ్యి" అని ఎవరన్న గుమ్మం కాడ నిలవడితే, ఎవరింట్ల అని అడగనీకె మొగిలికి నోరు రాకపోయేది. చేతినిండ పని, చేసేటందుకు మనసే రాకపోయేది. సారె మీద పెట్టిన మట్టి పెట్టినట్టే ఎండిపోయేది. ఛీ, ఏం బతుకు!

దానికి తోడు బిడ్డ ఫికరు. ఉన్నదే ఒక్క బిడ్డ, నీలమ్మ. తెల్లాపూర్ల కుమ్మరి సాయిలు కొడుక్కిచ్చిన్రు. తొలిచూలు, నెలలు నిండుతున్నయి. కాన్పుకు తోలుకొద్దామని మంచిరోజు చూసుకునే లోపట గత్తరొచ్చె, ఊరికి కట్టడి పెట్టిరి. ఊర్లోడు బయటికి పోవద్దు, బయటోడు ఊర్లకు రావద్దు. పోయినోన్ని మళ్ళ రానియ్యరు. మొగిలి పెండ్లాం భాగ్యమ్మ తెల్లాపూర్‌కు పోయే పడమటి తొవ్వ దిక్కు చూసుకుంట కండ్లొత్తుకునేది. మొగిలి కాలుగాలిన పిల్లి లెక్క ఇంట్లకు బయటికి తిరుగుతుండె. తెల్లాపూర్ల కూడ గత్తరున్నదో లేదో చెప్పే దిక్కు లేకపాయె.

ఇగ మన జనం తెలివి చూడుండ్రి. గుమ్మాలకు యాపమండలు కట్టిన్రు, ఉల్లిగడ్డల దండలు యాలాడదీసిన్రు, పసుపునీళ్ళు చల్లిన్రు, పొద్దుమాపు యాపాకు పొగ పెట్టిన్రు. మంచిదే, ఆ పొగకు ఈగలన్న తగ్గె. పట్నం దవాఖాన నుంచి సర్కారోళ్ళొచ్చి సూది వేస్తమంటె మాత్రం సగం ఊరు జొన్నచేన్లల్ల దాసుకున్నది. సూదేస్తే చెయ్యి ఎండిపోతదట! ఆ వచ్చినోళ్ళు ఊరబాయిల ఎర్రమందు పోసి, ఈ నీళ్ళే తాగుండ్రి, కాగబెట్టుకోని తాగుండ్రి అని చెప్పి పోయిన్రు. నీళ్ళు ఎర్రగైనయి. నెత్తురు లెక్కున్న నీళ్ళెవడు తాగుతడని ఊరంత కడవలు పట్టుకోని వాగుకు నడిచింది. మంచిగున్న బాయిని ఇడిసిపెట్టి, రోగమొచ్చినోళ్ళ బట్టలు పిండే వాగుల నీళ్ళు తెచ్చుకున్నరన్నట్టు. మొగిలి ఇంట్ల కూడ గవే నీళ్ళు. నలుగురితోని నారాయణ!

గత్తర తగ్గకపాయె. ఆఖరికి పటేలు లింగమూర్తి చావడి కాడ కులపెద్దల్ని కూసవెట్టి, "ఐతారం నాడు అమ్మను సాగనంపుదం" అన్నడు. గత్తరంటే అమ్మ ఊర్లకొచ్చినట్టే అని నమ్మకం. సాగనంపుడంటే చిన్న కట్టెబండి చేసి, అందుల అమ్మను నిలిపిన కుండ, ఘటం, పెట్టి, పాత చాటలు, చీపుర్లు, సచ్చినోళ్ళ బట్టలు, జబ్బువడ్డోళ్ళ బట్టలు ఏసి పొలిమేర దాటిచ్చుడు. ఊరవతలి దాక డప్పులతోని అందరొస్తరు. అక్కడి సంది అమ్మ పూజారి ఒక్కడే లాక్కపోవాలె. మా దిక్కు అమ్మకు పూజారి కుమ్మరోడే.

"ఏ దిక్కు పటేలా?" అన్నడు మొగిలి.

"పడమరకు. తెల్లాపూర్ దిక్కు."

"ఆ దిక్కొద్దు పటేలా, నీ బాంచెను. తూర్పుకు పంపుదం."

"తూర్పుకు నా తోట లేదా?" అన్నడు పటేలు.

ఎనుకనుంచి బాలనర్సయ్య లేశిండు. పోయిన మంగళారమే కొడుకును మట్టిల పెట్టినోడు. "నీ బిడ్డ ఉన్నదని మేమందరం సావాల్నా మొగిలీ? కుండలు మంచిగనే అమ్ముడువోతున్నయి గద నీకు!"

ఆ మాటకు మొగిలి లేసి నిలవడ్డడు. సరే అన్నడు.

ఇంటికొచ్చి చెప్తే భాగ్యమ్మ చేతిల చాట ఇసిరిగొట్టింది. "నీ చేతులతోని నా బిడ్డ గుమ్మం కాడికి గత్తరను తోలుతవా? నీకు చేతులెట్లొస్తయయ్యా?"

"లొల్లి జెయ్యకు. నడిమిట్ల గుట్టల సందున ఒక లోతు బొంద ఉన్నది. అండ్ల ఇడిసిపెట్టొస్త. ఎవ్వరికి తెల్వదు."

"పొలిమేర దాటకపోతే అమ్మ లాగినోని ఇంటికే మర్లుతదంటరు గద?"

మొగిలికి అదే భయం.

ఐతారం పొద్దు వాలంగ డప్పులు మోగినయి. ఊరవతల అందరు నిలవడ్డరు. మొగిలి బండి తాడు భుజానేసుకోని ఒక్కడే నడిచిండు. ఎనుకకు మర్లి చూడొద్దు, అది కూడ ఆచారమే. సీతాఫలం చెట్లు, నల్లగుండ్లు, మోకాల్దాక బురద. బండి రాయి మీద ఎక్కినప్పుడల్లా ఘటం కదిలిన చప్పుడు ఇనొచ్చేది. బొంద కాడికొచ్చిండు. ఇక్కన్నే ఇడిసిపెడ్త అనుకున్నడు. పెడితే అమ్మ నా ఇంటికొస్తదేమో అనుకున్నడు. ఇంక జరంత దూరం పోయినంక చూద్దం అనుకున్నడు. అట్లనుకుంటనే బొంద దాటిపోయిండు. కాళ్ళు ఆగలేదు. ఆపలేదు అంటే నిజం.

పొలిమేర రాయి కనవడ్డది. రాయికి అవతలికెల్లి ఒక మనిషి తాడు భుజానేసుకోని, మెడ వంచుకోని బండి లాక్కుంట వస్తున్నడు. దగ్గరికొచ్చినంక తల లేపిండు. సాయిలు! సొంత వియ్యంకుడు!

ఇద్దరు తాళ్ళు పట్టుకోని నోళ్ళు తెరిచి నిలవడ్డరు.

"ఏంది బావా ఇది?" అన్నడు సాయిలు.

"నువ్వు లాగేదేంది మరి?" అన్నడు మొగిలి. "నేను, నా పెండ్లాం ఉన్న ఊరికి గత్తరను తోల్తున్నవా? నీకు సిగ్గున్నదా?"

"నా కొడుకు, నీ బిడ్డ ఉన్న ఊరికి నువ్వేమన్న బోనం తెస్తున్నవా?"

ఒకని తప్పు ఒకడు ఎత్తిపొడుసుకున్నరు. కొట్టుకునే దాక వచ్చింది. సాయిలు రొమ్ము మీద చెయ్యేసి నూకబోయిన మొగిలి, వాని బండి దిక్కు చూసి ఆగిండు. బట్టల కుప్ప మీద ఆకుపచ్చ చీర. దసరకు పటాన్‌చెరు అంగట్ల తనే ఏరి కొన్న చీర.

"అది నా బిడ్డది."

సాయిలు తాడు ఇడిసిపెట్టి కింద కూలవడ్డడు. "బతికున్నది బావా. ఒట్టు, బతికున్నది. కడుపుల పిలగాడే దక్కలేదు."

మొగిలి రాయి పట్టుకోని నిలవడ్డడు. సాయిలు ఏడ్చుకుంటనే చెప్పిండు. రోగానికి నీళ్ళియ్యొద్దని ఊరోళ్ళన్నరట. నీలమ్మ నీళ్ళు నీళ్ళని ఒర్రి ఒర్రి గొంతు పోయిందట. సాయిలు పెండ్లాం బుచ్చమ్మ ఆగలేక, ఎవరు చూడకుంట ఉప్పేసిన గంజి తాపిందట. గంటగంటకు తాపిందట. దాంతోనే నిలిచిందట.

"వాగు ఒడ్డు ఇండ్లకే ముందుగాల పట్టుకున్నది బావా," అన్నడు సాయిలు. "మీరు పైన పిండుతున్నరు, మేం కింద తాగుతున్నం. బండి మీద రాలేదు ఇది."

మొగిలి రెండు బండ్ల దిక్కు చూసిండు. నీ బండి నా ఊరికి రావద్దు, నా బండి నీ ఊరికి పోవద్దు. ఇక్కడ ఇడిసిపెడితే ఎవలో లేనోళ్ళు ఆ బట్టలు ఏరుకపోతరు, లేకుంటె వానకు వాగుల కలుస్తయి.

"కాలవెడ్దం," అన్నడు.

"అమ్మనా? తెలిస్తే రెండూర్లోళ్ళు మన కాళ్ళిరగ్గొడ్తరు బావా!"

"రెండు ఘటాలు దించి రాయి మీద పెడ్దం, దండం పెడ్దం. గుడ్డల్ని కాలవెడ్దం. కాల్చుడు మనకు రాదా?"

కుమ్మరోళ్ళకు మంట పెట్టుడు చెప్పాల్నా! రాళ్ళు పేర్చి, ఎండు కంపలేసి, కుండలు కాల్చే వాము పేర్చినట్టే పేర్చిన్రు. తడిబట్టలు ముందుగాల పొగలేసినయి, ఆనక అందుకున్నయి. ఆకుపచ్చ చీర అంటుకుంటుంటె మొగిలి మొఖం తిప్పుకున్నడు.

"బిడ్డను చూస్త," అన్నడు.

"మా ఊర్ల అడుగువెడితే మీవోళ్ళు మళ్ళ రానియ్యరు."

"రానియ్యకుంటె మాయె."

సాయిలు ఇల్లు తెల్లాపూర్ మొదట్లనే. నీలమ్మ గోడకు ఒరిగి కూసున్నది. మనిషి సగమైంది, కండ్లు లోపటికి పోయినయి. బుచ్చమ్మ గంజి గిన్నె మొగిలి చేతికిచ్చి పక్కకు జరిగింది. మొగిలి గిన్నె పట్టుకోని బిడ్డ పక్కన కూసున్నడు.

"నాయినా! కట్టడిల ఎట్లొచ్చినవ్?"

మొగిలి చెప్పకముందే సాయిలు చెప్పిండు, కల్లకపటం తెల్వని మనిషి. "మీ ఊరి బండి మీ నాయిననే తెచ్చిండు బిడ్డా. పొలిమేర కాడ ఎదురువడ్డం."

నీలమ్మ నాయిన దిక్కు మర్లింది.

"మామ బండి కడుతుంటె నేను గడప దాక పాక్కుంట పోయిన," అన్నది. గొంతు సరిగ్గ పలుకుతలేదు. "మా అమ్మ, నాయిన ఉన్నరు, ఆ ఊరికొద్దు మామా అని కాళ్ళు పట్టుకున్న. మామ ఇనలేదు. మామకు అది పరాయి ఊరు. ఈ ఊర్ల నీకు నేనుంటి గద నాయినా. నువ్వెట్ల తెచ్చినవ్?"

ఊరు పంపిందని చెప్పొచ్చు. బొందల ఇడిసిపెడ్దమనుకున్న అని చెప్పొచ్చు. మొగిలి గిన్నె చేతిలుండంగనే తల వంచుకోని ఎక్కెక్కి ఏడ్చిండు. నీలమ్మ ఊకో నాయినా అనలేదు.