నకిరేకల్‌లో అట్టల కేసు

1949 ఎండాకాలంలో నన్ను నకిరేకల్ తపాలా కార్యాలయంలో కౌంటరు గుమస్తాగా వేశారు. పోలీసు చర్య ముగిసి నెలలు గడిచినా చుట్టుపక్కల ఊళ్లలో కమ్యూనిస్టుల సాయుధ పోరాటం ముగియలేదు. ఊరి చివర సాయుధ పోలీసుల క్యాంపు ఉండేది. నేను అప్పటికి ప్రొబేషనర్ని. అంటే, నాకు ఉద్యోగం ఉందని మా ఇంట్లో నమ్మేవారు, శాఖ ఇంకా నమ్మలేదు.

తెలుగు పుస్తకాలు అప్పట్లో బెజవాడ నుంచీ మద్రాసు నుంచీ బుక్‌పోస్టులో వచ్చేవి. ఉత్తరం కన్నా తక్కువ రుసుముతో పోయే ఈ కట్టకు రెండు కొసలూ తెరిచి ఉంచాలని నిబంధన. లోపల ఎవరైనా ఉత్తరం పెట్టారేమో మేము లాగి చూడాలి కదా. అలా లాగి చూసేటప్పుడే ఒక నవలాకారుడి అట్టలకు నేను అలవాటు పడ్డాను. ఆయన రాసేవన్నీ సంసార కథలు. అత్తా కోడళ్లు పొయ్యి దగ్గర విడిపోతారు, పురుడు దగ్గర కలుస్తారు. ఆయన ప్రచురణకర్తకు మాత్రం సంసారం మీద బొత్తిగా నమ్మకం లేదు. ప్రతి అట్ట మీదా ఒక ముసుగు మనిషి, చేతిలో తుపాకి, వెనక కోట బురుజు, ఎర్రని ఆకాశం. అచ్చులో ఎరుపు కొంచెం పక్కకు జరిగేది, దాంతో మనిషి కన్నా ముందు అతని నీడకు కోపం వచ్చినట్టుండేది. అంత అందమైన అబద్ధాలను నేను మళ్లీ చూడలేదు.

తుపాకి బొమ్మ చేతపట్టుకొని క్యాంపు ముందు నుంచి నడిచేటంత సాహిత్యాభిమానం ఊళ్లో ఎవరికీ లేదు. అందువల్ల పుస్తకం తెప్పించుకున్నవారు మా కిటికీ దగ్గరే అట్ట చించేసి, పుస్తకానికి పాత వార్తాపత్రిక చుట్టుకొని వెళ్లేవారు. వాళ్లు చించే తీరు చూస్తే నాకు ఒళ్లు మండేది. ముసుగు మనిషి ఒకరి చేతిలో భుజం పోగొట్టుకునేవాడు, ఇంకొకరి చేతిలో మెడ. చివరికి కాగితాలు కోసే కత్తి నేనే అందించి, నిదానంగా కోయమని బతిమాలేవాణ్ణి. వద్దనుకున్న అట్టలను అడిగి తీసుకొని, నా గదిలో రేకుపెట్టెలో వేపాకు వేసి దాచుకున్నాను. పుస్తకాలు కొనడానికి నా జీతం చాలేది కాదు. బట్టల దుకాణం నడిపే అనసూయమ్మ తాను చదివాక ఇస్తే చదివేవాణ్ణి.

ఒక రోజు మా వీధంతా సోదా చేశారు. నా పెట్టెలో తుపాకులు దొరికాయి, అన్నీ కాగితం మీదివే. క్యాంపు అధికారి ఇన్‌స్పెక్టరు హోదావాడు, పరాయి ప్రాంతంవాడు, తెలుగు రాదు. మధ్యలో దుబాసీగా మల్లయ్య అనే ఇక్కడి జవాను ఉండేవాడు. ఇన్‌స్పెక్టరు తర్కం ఇదీ: పుస్తకాలు దొరికితే వీడు చదువుకునేవాడు. అట్టలు మాత్రమే దొరికాయి కనుక లోపలి సరుకు అడవిలోని దళాలకు పోయింది, పంపింది తపాలా గుమస్తా. పుస్తకాలు ఎవరెవరికి పంచావని అడిగాడు. నా దగ్గర పుస్తకాలు ఎన్నడూ లేవన్నాను. మరి అట్టలెందుకన్నాడు. బాగున్నాయి కనుక అన్నాను.

మల్లయ్య దాన్ని తర్జుమా చేయలేదు. నా వైపు వంగి, "గది జెప్పకు తమ్మి. బాగున్నయని జమ జేసిన్నంటే సారు నమ్మడు. ఇంకేమన్న జెప్పు" అన్నాడు. నేను మళ్లీ అదే చెప్పాను. మర్నాడు సాయంత్రం లోపల ఆ అట్టల తాలూకు పుస్తకం ఒక్కటైనా తెచ్చి చూపకపోతే, కేసుతో పాటు నన్నూ నల్లగొండకు పంపుతానన్నాడు ఇన్‌స్పెక్టరు.

మా పోస్టుమాస్టరు నర్సింగరావు గారు నియమాలు తెలిసిన మనిషి. విషయం విని కళ్లజోడు తుడుచుకున్నారు. "నువ్వు పర్మనెంటు అయ్యుంటే సస్పెండ్ జెయ్యాల్సొస్తుండె. కాగితాలు, జవాబులు, మస్తు తక్లీఫు. గిప్పుడు గా ఫికర్ లేదు, సీదా ఇంటికి పోవుడే" అన్నారు. నన్ను ఓదార్చారనే ఆయన అనుకున్నారు.

ఇన్‌స్పెక్టరు కాపలాగా పంపిన జవానుతో పుస్తకాలు తీసుకున్న ప్రతి ఇంటికీ తిరిగాను. నా దగ్గర కత్తి తీసుకొని అట్టలు కోసిన వారంతా జన్మలో పుస్తకం ముట్టలేదన్నారు. వాళ్ల భయం నాకు అర్థమైంది గానీ, బడిపంతులు గారు తనకు తెలుగు చదవడం రాదని చెప్పినప్పుడు మాత్రం మనిషి ఓర్పుకు హద్దుంటుందని తెలిసింది. బళ్లో ఆయన చెప్పేది తెలుగే. అనసూయమ్మ చీరల కోసం నారాయణపేట వెళ్లిందని ఆమె దుకాణానికి తాళం.

మర్నాడు మధ్యాహ్నం అనసూయమ్మ బస్సు దిగింది. సంగతి చెప్పేసరికి ఆమె చీరల మూట లోపల పెట్టి, అట్ట లేని నవల ఒకటి చేత పట్టుకొని, దాని మీద పత్రిక కూడా చుట్టకుండా క్యాంపుకు నడిచింది. కథల్లో అయితే ఇలాంటి చోట గాలి వీస్తుంది. ఆ రోజు నకిరేకల్‌లో ఎండ తప్ప ఏమీ లేదు.

ఇన్‌స్పెక్టరు బల్ల మీద పుస్తకం పెట్టి, "ఇగో సారు, అట్ట మీది తుపాకి ఇండ్ల ఏడుందో జర దేవులాడియ్యి. నేను మూడుసార్లు సదివిన, నాకైతే దొర్కలే" అంది.

ఆయన నా పెట్టెలో దొరికిన అట్ట మీది పేరునూ లోపలి పుటలో పేరునూ అక్షరం పక్కన అక్షరం పెట్టి పోల్చుకున్నాడు. తర్వాత చదవమన్నాడు. ఆమె చదవడం, మల్లయ్య తర్జుమా చేయడం మొదలైంది. కోడలు వేరు కాపురం పెడతానన్న చోట మల్లయ్య సొంతంగా, తప్పు కోడలిదేనని కలిపాడు. ఇన్‌స్పెక్టరు ఒప్పుకోలేదు, అత్తది అన్నాడు. కాపలా జవాను గుమ్మం దాకా వచ్చి మల్లయ్య పక్షం తీసుకున్నాడు. నా ఉద్యోగం సంగతి అందరూ మరిచిపోయారు, నేను తప్ప.

చివరికి అనసూయమ్మే పుస్తకం మూసింది. "దుకాణం బందువెట్టి ఒచ్చిన సారు. తీర్పు మీరు మీరు జెప్పుకోండ్రి, పిలగాన్ని ఇడిసిపెట్టుండ్రి."

ఇన్‌స్పెక్టరు నన్ను వదలడానికి సిద్ధమయ్యాడు. కాని పంచనామాలో ఒక గడి ఖాళీగా ఉంది: అట్టలు ఎందుకు ఉంచుకున్నట్టు? నేను నోరు తెరిచేలోపే మల్లయ్య, "పెట్టె అడుగుకు పరిచేతందుకు సార్" అని ఆయన భాషలో చెప్పేశాడు. ఇన్‌స్పెక్టరు ముఖం తేటపడింది. "చిత్తు కాగితాలు, పెట్టెలో పరచుటకు" అని రాసి నా సంతకం తీసుకున్నాడు. కాదంటే కేసు మళ్లీ మొదటి నుంచి. సంతకం పెట్టాను.

నా ఉద్యోగం నిలిచింది. అట్టలు తిరిగి ఇమ్మని దరఖాస్తు పెట్టుకుంటే, చిత్తు కాగితాలు వాపసు ఇచ్చే నియమం లేదని జవాబు వచ్చింది. స్వయంగా వెళ్లి అడిగాను. వంటశాలలో పొయ్యి అంటించడానికి అప్పటికే వాడేశారని మల్లయ్య చెప్పాడు. తన వల్లే బయటపడ్డానని అతనికి కాస్త గర్వంగా కూడా ఉంది. అది నిజమే కనుక కృతజ్ఞతలు చెప్పి వచ్చాను. అంత కష్టంగా నేను ఎవరికీ కృతజ్ఞత చెప్పలేదు.

ఆ కేసు నేర్పింది ఒకటే. ప్రభుత్వోద్యోగి దగ్గరున్న ప్రతి వస్తువుకూ ఒక ఉపయోగం ఉండాలి, లేకపోతే కల్పించుకోవాలి. బాగుంది కనుక దాచుకున్నానన్న జవాబుకు ఏ కాగితంలోనూ గడి లేదు. తర్వాత బదిలీ అయిన ప్రతి ఊళ్లోనూ ఆ నవలాకారుడి అట్టలు మళ్లీ పోగు చేశాను. అడిగిన వారందరికీ పెట్టెలో పరుచుకోవడానికనే చెప్పాను. పదవీ విరమణ దాకా రెండో ప్రశ్న ఎవరూ వేయలేదు.