వినడానికే కొన్న స్కానర్

దయ్యాలు, గాలి సోకడాలు అంటూ కబుర్లు చెప్పేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. ఇప్పటికీ మంటే. నన్ను వాళ్ళలో కలపకండి. జరిగింది జరిగినట్టు చెబుతాను, నమ్మితే నమ్మండి, లేకపోతే మానండి.

మాది ఉద్దానం తీరంలో చేపల వేట మీద బతికే ఊరు. మా ఆయన పడవలో ముగ్గురు వెళ్తారు. కిందటి తుఫానుకి కరెంటు, ఫోన్లు పోయి, పడవ ఎక్కడుందో తెలియక ఒడ్డున పిచ్చిదానిలా తిరిగాను. ఆ ఏడుపు మళ్ళీ ఏడవదలుచుకోలేదు. పడవలవాళ్ళు వైర్‌లెస్ సెట్లలో మాట్లాడుకునేవి ఇంట్లో వినిపించే రేడియో కొందామని పలాస వెళ్ళాను.

షాపువాడు నన్ను ఎగాదిగా చూసి, "ఆడోల్లకి ఇయ్యన్నీ ఎందుకమ్మా, పాటల రేడియో అట్టుకెల్లు" అన్నాడు. నెత్తిన మొట్టాలనిపించింది. మెరిసే సెట్టొకటి చూపించాడు, ఛార్జింగ్ పెడితేనే నడుస్తుందట. తుఫానులో కరెంటు వీడి తాత ఇస్తాడా? రెండోది పెన్సిల్ సెల్స్‌తో నడుస్తుంది, మీట నొక్కి మాట్లాడొచ్చు కూడా. నాకు అదే నచ్చింది.

కానీ మా అత్త ఊరుకోదు. పడవ నీళ్ళలోకి దిగాక మనిషిని వెనక నుంచి పిలవకూడదని మా ఊళ్ళో పట్టింపు. పిలుపు వినబడితే వేట మానుకుని తిరిగి రావాల్సిందే. "మాటాడే సెట్టు తేకే, ఇనే సెట్టు తే" అని ముందే హెచ్చరించింది. పళ్ళు నూరుకుంటూ, సెల్స్‌తో నడిచే, వినడానికి మాత్రమే పనికొచ్చే స్కానర్ కొన్నాను.

నాలుగు రోజుల తర్వాత, పొద్దున్న పది గంటలకి, పెరట్లో చేపలు ఎండబెడుతూ అది పెట్టాను. ఎండ బాగానే ఉంది. వేరే పడవవాడెవడో తూర్పున గాలి తిరిగిందని, అందరూ వచ్చేయండని అరుస్తున్నాడు. మా ఆయన గొంతు తాపీగా "ఇంకో వల లాగీసి వత్తాం" అంది.

నాకు పట్టరాని కోపం వచ్చింది. స్కానర్ నోటి దగ్గర పెట్టుకుని "మావా, వలొగ్గీసి వచ్చీ!" అని అరిచాను. అది మాట్లాడే సెట్టు కాదని తెలుసు. కోపానికి తెలియాలి కదా! పక్కనే ఉన్న అత్త నోరు నొక్కుకుంది.

మధ్యాహ్నానికి పడవ ఒడ్డుకి వచ్చింది. వల లేదు, కోసేసి వచ్చారు.

"పడవెల్లాక ఎనకనుంచి పిలుత్తావేటే? బంగారంలాటి వల పోనాది!" అని ఆయన చెడామడా తిట్టాడు. తిట్లు పూర్తవకముందే గాలి విరుచుకుపడింది. కొబ్బరిమట్టలు ఊడి ఇళ్ళ మీద పడ్డాయి. ఇంకాసేపు అక్కడే ఉంటే ముగ్గురూ దక్కేవాళ్ళు కాదు. ఆయన్ని పట్టుకుని ఏడ్చాను, ఏడుస్తూనే తిట్టాను.

స్కానర్ చేతికిచ్చి మాట్లాడే మీట చూపించమన్నాను. తిప్పి తిప్పి చూశాడు, మీట కనబడలేదు. పలాస తీసుకెళ్ళి విప్పించాం. "దీన్లో మైకే లేదమ్మా" అన్నాడు షాపువాడు, నాకేదో మతి పోయినట్టు.

ఇదెలా జరిగిందో నాకిప్పటికీ తెలియదు. తెలియని సంగతంటేనే నాకు చిరాకు. ప్రాణాలు దక్కాయి, అది చాలదా అంటుంది అత్త. చాలునని నేనూ అనుకుందును. కానీ పడవలోని ముగ్గురినీ విడివిడిగా అడిగాను. ముగ్గురూ ఒకటే చెప్పారు. సెట్లో నా గొంతేనట. మొదటి పిలుపుకి కదల్లేదట, రెండోదానికీ కదల్లేదట. మూడోసారి పిలిచాకే వల కోశారట.

నేను పిలిచింది ఒక్కసారే.