జాన్ సాహెబు కొట్టుకు బ్యాంకు ఏజెంటు వచ్చిన రోజు

నరసరావుపేట బజారులో ఇత్తడి గిన్నెలకు కళాయి పోసే జాన్ సాహెబుకు పామంటే భయం లేదు, నిప్పంటే భయం లేదు. బ్యాంకంటే మాత్రం హడల్. అయినా రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటేడు అప్పు కావాలని అర్జీ పెట్టుకున్నాడు. పెట్టుకోక ఏం చేస్తాడు? ఏళ్ళ తరబడి కొలిమి పొగ మింగిన మనిషి. కళ్ళకు మసకలు కమ్ముతున్నాయి. చూపు పూర్తిగా పోయేలోగా కొత్త గిన్నెలు తెచ్చి అమ్ముకునే కొట్టు పెట్టాలి. లేకపోతే తనూ, భార్య పీరాంబీ ఎవరి గుమ్మంలో చెయ్యి చాపాలి?

ఆ రోజుల్లో బ్యాంకు పెద్దను ఏజెంటు అనేవారు. ఏజెంటు రాజారత్నం గారు అప్పిచ్చే ముందు బజారంతా వాకబు చేసేవారు. మనిషెలాంటివాడు, మాట మీద నిలబడతాడా, కొట్టు అద్దె సరిగా కడతాడా అని. ఆ పైన తానే వచ్చి కొట్టు చూసేవారు. ధాన్యం కొట్టు దగ్గర తన గురించి అడిగారని తెలిసిన దగ్గర్నుంచి, బజారులో ఎవరు నవ్వినా తనను చూసే నవ్వుతున్నారనిపించేది జాన్ సాహెబుకు.

చాలదన్నట్టు బావమరిది సుభానీ వచ్చి చెవిలో జోరీగలా చేరాడు.

"బావా, ఆయనొస్తే చూపించటానికి నీ కాడ సరుకేముంది? తిత్తి, పట్టకారు. అంతేగా! ఈ గిన్నెలన్నీ నాయే అని చెప్పు."

"కళాయికి ఊళ్ళోవాళ్ళిచ్చినయ్యి గదరా!"

"ఆ సంగతి ఆయనకేం తెలుసు? అప్పు కావాల్నా, వద్దా?"

అరువు సొమ్ములు బరువు చేటన్నారు. ఇవి అరువు కూడా కావు, నమ్మి అప్పగించినవి. పైగా మన ఆడవాళ్ళు పేరు కొట్టించనిదే ఇత్తడి గిన్నె ఇంట్లో పెట్టుకోరాయె! ఆ పేర్లలో సగం జాన్ సాహెబు ఉలితో కొట్టినవే. ఇప్పుడా పేర్లన్నింటినీ తన చేత్తోనే గోడవైపు తిప్పాడు. తిప్పుతుంటే గిన్నెలు ఒకదానికొకటి తగిలి గలగలమన్నాయి.

మర్నాడు పొద్దున్నే ఏజెంటు గారు వచ్చారు. గిన్నెల వైపు చాలాసేపు చూశారు.

"కొట్టు నిండుగా ఉందే, సాహెబూ. ఇవన్నీ నీవేనా?"

జాన్ సాహెబు తిత్తి సర్దుతున్నట్టు వంగాడు.

"నాయేనయ్యా," అన్నాడు.

ఏజెంటు గారు ఒక తపేలా అందుకుని ఇటు తిప్పారు.

"బసవమ్మ," అని చదివారాయన. ఇంకొకటి తిప్పారు. "ఎస్తేరు." మూడోది ముట్టుకోలేదు.

"బజారంతా ఒకటే మాట చెప్పింది, సాహెబూ. చీటీ గీటీ లేకుండా ఇంట్లో ఇత్తడంతా నీ చేతికిస్తామన్నారు. అంతకన్నా నాకేం హామీ కావాలి? ఈ గిన్నెలు చూసి అప్పు ఖాయం చేద్దామనే వచ్చాను. కళాయికొచ్చాయని చెప్పి ఉంటే సరిపోయేది."

ఆయన కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. టోపీ పెట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయారు.

జాన్ సాహెబు కొలిమి పక్కన కూలబడ్డాడు. అప్పు పోయింది, సరే. ఈ మాట ఊళ్ళో పొక్కితే? ఆ భయంతో తలెత్తేసరికి గుమ్మం పక్కన ఎవరో నిలబడి ఉన్నట్టు మసగ్గా కనబడింది.

"ఎవరూ?"

"నేనే, బసవమ్మని."

"ఎప్పుడొచ్చావక్కా?"

"నా తపేలా అయిందా?" అందామె.

రెండు చేతులతో తీసి ఇచ్చాడు. ఎప్పుడూ అందుకున్నది అందుకున్నట్టు చంకన పెట్టుకుని, పీరాంబీ ఎట్లా ఉందని అడిగి పోయే మనిషి. ఆ రోజు తపేలాను వెలుతురులోకి తెచ్చి, అంచు తిప్పి, తన పేరు వేలితో తడిమి చూసుకుంది. తర్వాత లోపలికి వచ్చి, వరసలో ఉన్న తన రెండో గిన్నె కూడా వెతికి తీసుకుంది.

"దానికింకా కళాయి పొయ్యలేదక్కా," అన్నాడు జాన్ సాహెబు.

"ఉండనీలే సాహెబూ," అంది బసవమ్మ.