ఆదోని నీడ, ఎమ్మిగనూరు నీడ

డిసెంబరు చలిలో, ఉదయం ఐదు యాభైకి, అనంతపురం స్టేషన్‌లో గుంతకల్లు పోయే రైలెక్కాను. చేతిసంచిలో ఒక స్టీలు టేపు, మేస్త్రీలు గోడ నిటారుగా ఉందో లేదో చూసుకునే గుండుదారం, రెండు అరటిపళ్ళు. భూమి చుట్టుకొలత కొలవడానికి పోయేవాళ్ళకు ఇంతకంటే సామాను అక్కర్లేదు. నా తర్వాత ఎవరైనా ఈ పని మీద పోదలుచుకుంటే ఒక టోపీ కూడా పెట్టుకోండి. నేను మరిచిపోయి మాడు కాల్చుకున్నాను.

పది రోజుల కిందట ఈరన్న సారు ఫోన్ చేశారు. ఆదోనిలో నాకు పదో తరగతిలో లెక్కలూ సైన్సూ చెప్పినాయన. ఇప్పుడు ఎనభై దాటి, ఎమ్మిగనూరులో కూతురింట్లో ఉంటున్నారు.

"సరోజమ్మా, ఈడ బడిపిల్లోళ్ళు మన కొలత మళ్ళా చేస్తామంటాండారు. ఆదోని కట్టె నువ్వే పట్టుకోవాల. నీ అంత నికరంగా కొలిచేవాళ్ళు నాకు ఇంగెవురూ దొరకల్యా," అన్నారు.

సరేనన్నాను.  నలభై ఏళ్ళ కిందట ఆదోనిలో నేను రాసిచ్చిన అంకె దొంగ అంకె. ఆ సంగతి సారుకు తెలియదు. ఆ అంకె చూసే ఆయన మా నాయన దగ్గరికి వచ్చి, ఈ అమ్మాయిని సైన్సు చదివించాల్సిందేనని పట్టుబట్టారు. ఆ చదువుతోనే నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్సు లెక్చరర్నయి, ఇంకొన్నేళ్ళలో రిటైరు కాబోతున్నాను. ఈసారి ఎట్లాగైనా నిజం చెప్పేసి రావాలనుకున్నాను.

ఏడూ ఇరవైకి గుంతకల్లు. ప్లాట్‌ఫారం మీద ఇడ్లీ, టీ. ఎనిమిదీ ఐదుకు ఆదోని బండి దొరికింది. పక్కన హొళగుంద పోవాల్సిన ఒక పెద్దామె, ఒళ్ళో వేరుశెనక్కాయల మూట. యాడికమ్మా అని అడిగితే, ఎండలో కట్టె నిలబెట్టి దాని నీడ కొలవడానికని చెప్పాను.

"అయ్యో తల్లీ, సదువుకున్నోళ్ళకు ఎన్ని కష్టాలు!" అని జాలిపడి, నా దోసిట్లో కాయలు పోసింది.

ఆస్పరి దాటాక కిటికీలోంచి పత్తిచేలు చూస్తూ కూర్చున్నాను. సారు ఈ కథ మొదటిసారి చెప్పిన రోజు కూడా ఇట్లాంటి చలికాలమే. రెండు వేల ఏళ్ళకు ముందు, ఈజిప్టులో గ్రంథాలయం చూసుకునే ఒక గ్రీకు పండితుడు, రెండు ఊళ్ళలో ఒకే రోజు మధ్యాహ్నపు నీడల్లో తేడా చూసి భూమి ఎంత పెద్దదో లెక్కగట్టాడట. సారు ఆయన్ని "గ్రీకప్ప" అనేవారు, మన కొండకింద వీధిలో ఉండే మనిషయినట్టు. భూమి గుండ్రంగా ఉంది కాబట్టి ఉత్తరాన ఉన్న ఊళ్ళో నీడ కాస్త పొడుగు. ఆ కాస్త ఎంతో తెలిస్తే, రెండూళ్ళ మధ్య ఉత్తర దక్షిణాల దూరం తెలిస్తే, మిగిలినదంతా గుణకారమే.

"గ్రీకులు మనకు రెండు ఇచ్చిపోయినారు," అనేవారు సారు. "పెద్దాయన సెప్పినాడని వెయ్యేండ్లు నమ్మే తప్పు ఒకటి. ఆ తప్పును పట్టుకునే దారి ఇంగొకటి. ఎవురు సెప్పినారని అడగొద్దు. ఎట్లా తెలిసిందని అడుగు." బరువైన వస్తువు ముందు పడుతుందని ఒక గ్రీకు మహానుభావుడు అన్నందుకు ఎన్ని తరాలు తలూపాయో చెప్పి, చివరికి ఎవరో పడేసి చూశారని నవ్వేవారు. నా నేస్తం హుసేన్‌బీ వాళ్ళ తాతకు మందుల కొట్టుండేది. దాని బోర్డు మీద ఉన్న యునాని అనే మాట గ్రీసు దేశం పేరు నుంచి వచ్చిందేనని సారు చెప్పినప్పుడు, హుసేన్‌బీ వారం రోజులు తల ఎత్తుకుని తిరిగింది. గ్రీకు వైద్యం అరబ్బుల చేతుల మీదుగా మా ఆదోని బజారు దాకా నడిచొచ్చిందంటే మాకు ఆశ్చర్యంగా ఉండేది. 

ఎనిమిదీ యాభై ఐదుకు ఆదోని. స్టేషన్ బయట హుసేన్‌బీ నిలబడుంది, మెడలో కుట్టుపని టేపుతోనే.

"ఏమే సరోజా, తలంతా తెల్లగైపాయ!" అని నవ్వి, నేరుగా బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తినడానికి లాక్కుపోయింది. బజ్జీ కొరికి కళ్ళలో నీళ్ళు పెట్టుకున్నాను. కారానికే అనుకోనీ అని ఊరుకున్నాను.

"మిల్లు సైరన్ ఇప్పుడు లేదా?" అని అడిగాను.

"మిల్లే ల్యాదు, ఇంగ సైరన్ యాడిది? ఆడ ఇప్పుడు పెండ్లిండ్ల హాలు."

దూది మిల్లు సైరన్ మా చిన్నప్పుడు ఆదోనికి గడియారం. పన్నెండుకు అది కూస్తే మధ్యాహ్నం. ఇళ్ళలో కంచాలు పెట్టేవాళ్ళు, బడిలో గంట కొట్టేవాళ్ళు. పన్నెండు కాకముందు నుంచే నీడ కొనకు చుక్కలు పెడుతూ పోయి, అన్నిటికంటే పొట్టి నీడను కొలవమని సారు ఆ రోజు మరీమరీ చెప్పి, తాను ఎమ్మిగనూరు కట్టె దగ్గరికి వెళ్ళారు. మేమిద్దరం ఏం చేశాం? సైరన్ కూసింది, టక్కున కొలిచాం, అన్నానికి పరిగెత్తాం. సైరన్ కూశాక ఇంకా మధ్యాహ్నం కాలేదని ఆదోనిలో ఎవరు నమ్ముతారు? రెండు మీటర్ల కట్టెకు నూట అరవై నాలుగు సెంటీమీటర్ల నీడ వచ్చింది. మర్నాడు ఎమ్మిగనూరు అంకె చూస్తే నూట అరవై మూడు పాయింట్ రెండు. దక్షిణాన ఉన్న మాదే పొడుగు! భయమేసింది. పుస్తకంలో భూమి చుట్టుకొలత చూసుకుని, వెనక నుంచి లెక్క చేసి, నూట అరవై రెండు పాయింట్ నాలుగు అని రాసిచ్చాను. హుసేన్‌బీ పక్కనే ఉండి సై అంది.

ఉగ్గాని తిని మా పాత బడికి పోయాం. ఆ కాగితం ఇప్పటికీ అక్కడ సైన్సు గది గోడకు అద్దం కట్టి ఉంది. కింద నా పేరు. అక్కడి టీచరమ్మ దాన్ని గర్వంగా చూపిస్తుంటే నేను కిటికీ వైపు తిరిగాను.

పదకొండున్నరకే కట్టె నిలబెట్టి, గుండుదారంతో నిటారు సరిచూశాం. పదో తరగతి అమ్మాయిలు నాలుగు నిమిషాలకొక చుక్క పెట్టారు. పన్నెండుకు నీడ ఇంకా తగ్గుతూనే ఉంది. పన్నెండూ ఇరవైకి ఆగి, తర్వాత మెల్లగా పెరగసాగింది. సూర్యుడి మధ్యాహ్నం అదన్నమాట, సైరన్ కంటే ఇరవై నిమిషాలు ఆలస్యంగా. పొట్టి నీడ కొలిచాను. నీడ కొన మసకగా ఉంటుంది, అంచు ఎక్కడో పట్టుకోవడం కష్టం. మూడుసార్లు చూశాను. నూట అరవై రెండు పాయింట్ ఆరు.

అంతలో సారు ఫోన్. "మాది నూట అరవై మూడు పాయింట్ ఒకటి. నీది ఎంతమ్మా? వద్దులే, ఫోన్‌లో సెప్పొద్దు. ఈడికొచ్చి నీ నోటితో సెప్పు."

కాగితం మీద లెక్క చేశాను. నీడల్లో తేడా తగ్గేకొద్దీ లెక్కలో భూమి పెద్దదవుతుంది; ఐదు మిల్లీమీటర్లే తేడా రావడంతో అరవై ఆరు వేల కిలోమీటర్లకు పోతోంది. ఉండాల్సింది నలభై వేలు. నా అంకెలో మూడు మిల్లీమీటర్లు తగ్గిస్తే చాలు, అంతా చక్కగా సరిపోతుంది.

హుసేన్‌బీ కాగితం మీది లెక్కా, నా మొహమూ చూసి పసిగట్టింది. "మూడు గీతలే కదే. జాకెట్టుకు మేం అంతకంటే ఎక్కువే వొదులుతాం. ముసలాయన సంతోషపడతాడు," అంది. అది ఎగతాళికే అంది. నేను కాగితం మడిచి సంచిలో పెట్టాను.

ఒకటీ నలభై ఐదుకు ఎమ్మిగనూరు బస్సు. కిటికీ పక్క సీటు, కాళ్ళ దగ్గర ఎవరివో నూలు మూటలు. గంట ప్రయాణంలో సంచిలోని కాగితం నాలుగుసార్లు తీసి చూశాను. పెన్ను కూడా తీశాను. మళ్ళీ పెట్టేశాను.

సారు మగ్గాల వీధిలో అరుగు మీద భూతద్దం, నోటుబుక్కుతో కాచుకుని ఉన్నారు. మనిషి సగమయ్యారు. కాళ్ళకు దండం పెట్టి, అంకె చెప్పాను. ఆయన పెదవులతో లెక్క చేసుకుని పకపకా నవ్వారు.

"భూమి ఉబ్బిపాయ గదమ్మా! అప్పుడు ఎంత సక్కగా వచ్చిండె!"

"అప్పుడు నేను కొలిచింది రాయలేదు సార్. పుస్తకం చూసి రాసినాను."

మొత్తం చెప్పాను. సైరన్, అన్నం, వెనక నుంచి చేసిన లెక్క.  సారు భూతద్దం తీసి పక్కన పెట్టారు.

"నలభై ఏండ్లు," అన్నారు. "పెండ్లిండ్లల్లో సెప్పుకున్నా, బస్సుల్లో సెప్పుకున్నా. మా సరోజ కట్టె ముక్కతో భూమిని కొలిచిందని. నాతో అబద్ధం ఆడిచ్చినావు గదమ్మా."

నేను ఏడ్చాను. యాభై ఐదేళ్ళ మనిషిని, అరుగు మీద కూర్చుని పదో తరగతి పిల్లలా ఏడ్చాను. ఆయన ఓదార్చలేదు. నోటుబుక్కు దగ్గరికి లాక్కున్నారు.

"సైరన్‌కు కొలిస్తే ఎంత వచ్చిండె?"

"నూట అరవై నాలుగు."

"అది నిజంగా కొలిచిందేనా?"

"నిజంగా సార్."

ఆయన కళ్ళు మెరిశాయి. "అంటే ఆదోని నీడే పొడుగు! భూమి గిన్నె మాదిరి అయిపోతాండె! ఆ అంకె తెచ్చింటే మనం వారం రోజులు కొట్లాడుకుందుము గదే! సైరన్ పన్నెండు వేరే, సూర్యుని పన్నెండు వేరే అని ఊరంతా తెలుస్తాండె. మంచి అంకెను పారేసి సెడ్డ అంకెను ఇచ్చినావు." తర్వాత మెల్లగా అన్నారు. "తప్పు నాది గూడా ఉంది. ఎట్లా తెలిసిందని అడగమని మీకు నేర్పిచ్చినోన్ని, నీ అంకెను సూసి నేనే అడగల్యా. పుస్తకంలో ఉండేదే వచ్చింది గదా అని సంబరపడితి."

పాత నోటుబుక్కు తెప్పించారు. నా అంకెను నాతోనే కొట్టేయించి, పక్కన నూట అరవై నాలుగు అని రాయించి, కింద కారణం రాయించి, సంతకం పెట్టించారు. బడిలో అద్దం కట్టిన కాగితం కూడా సరిచేయమన్నారు. తీసేయమనలేదు, పక్కన ఇది కూడా పెట్టమన్నారు.

ఐదున్నర బస్సుకు లేస్తుంటే చెయ్యి పట్టుకున్నారు. "ఆదోని మరీ దగ్గరమ్మా, నీడల్లో తేడా చాలదు. చిప్పగిరి అయితే ఇంగా దక్షిణాన ఉంటాది. జనవరిలో ఆడ కట్టె పెడదాం. నువ్వే కొలవాల. నీతోపాటు ఇంగొకరు గూడా కొలిచి, నీకు సూపియ్యకుండా రాసిపెట్టాల."

నా మొహం వాడిపోయి ఉంటుంది. ఆయన చెయ్యి వదల్లేదు.

"నీ మీద నమ్మకం ల్యాక కాదు తల్లీ. నమ్మాల్సిన పనే ల్యాకుండా ఉండేదానికి."

ఆదోని స్టేషన్‌కు వచ్చేసరికి ఏడు కావస్తోంది. గుంతకల్లు బండి ఏడూ నలభైకి. హుసేన్‌బీ జొన్నరొట్టెలు, వంకాయ కూర కట్టుకుని వచ్చి బెంచీ మీద కూర్చుంది. ఈ ఊరు నాకు ఇచ్చిన చదువు మొత్తం ఒక అబద్ధం మీద నిలబడిందని నలభై ఏళ్ళు కుమిలాను. ఈ రోజు ప్లాట్‌ఫారం మీద కూర్చుంటే అట్లా అనిపించలేదు. నేను దాచిపెట్టిన నూట అరవై నాలుగుకు సారు అంత సంబరపడతారని ముందే తెలిస్తే, ఎప్పుడో వచ్చి చెప్పేదాన్ని.

జరిగిందంతా చెప్పి, చిప్పగిరికి వస్తావా, నాకు చూపించకుండా రెండో కొలత నువ్వు రాయాలి అన్నాను.

హుసేన్‌బీ మెడలో టేపు తీసి మడిచింది. దూరంగా బండి వెలుగు కనబడుతోంది.

"వస్తా," అంది. "ఆడ సైరన్ ల్యాదు గదా?"