పోలయ్య నెత్తురు

వాకాడు దగ్గరి సముద్రపొడ్డున పామంజి పోలయ్య ఊహ తెలిసినప్పటి నుంచి వల లాగుతూనే ఉన్నాడు. అరవై దాటినా అతని భుజాలు సడలలేదు. భార్య కామమ్మ మాత్రం పక్షవాతంతో మంచం పట్టింది. ఆ వెనకే మతిమరుపు ముదిరి, మనుషులను పోల్చుకోవడం కూడా మానేసింది.

నెల్లూరులో ఆమెను పరీక్షించిన డాక్టర్ రేవతి, ఒళ్లు కదలకపోవడమూ చేటు చేస్తోందని చెప్పింది.

"పని చేసే కండరాలు కొన్ని ప్రొటీన్లను రక్తంలోకి వదులుతాయి. అవి మెదడుకీ, ఎముకలకీ, కాలేయానికీ కబుర్లు మోసుకెళతాయి. మెదడుకు వాటితో మేలు జరుగుతుందంటున్నారు. ఈమెకు ఆ కదలికే లేదు."

పోలయ్య చొక్కా చెయ్యి పైకి మడిచి, చేతిని బల్ల మీద చాపాడు.

"నేను దినామూ వల లాగతా ఉండాను గదమ్మా. ఆ కబుర్లన్నీ నా నెత్తురులో ఉంటాయి గదా. తీసి ఆమెకు ఎక్కించు తల్లీ."

రేవతి అతని చొక్కా మడత మెల్లగా కిందికి దించింది.

"ఎలుకల్లో అలాంటివి చేసి చూశారు పెద్దాయనా. మనుషులకు అది వైద్యం కాదు. జబ్బు ఇంత ముదిరాక ఇంకేదీ పని చేయదు."

అయినా పోలయ్య రోజూ వేట నుంచి రాగానే ఆమె కాళ్లు తన చేతులతో వంచి చాపేవాడు. ఒకరోజు కామమ్మ అతని చెమటలు పట్టిన ముఖం చూసి జాలిపడింది.

"ఎవురయ్యా నువ్వు? అలిసిపోయుండావు. కాసేపు కూసో."

"నేనే, పోలయ్యను."

ఆమె ఆ పేరు విని ఊరికే తలూపింది. చనిపోయేదాకా ఆ పేరుతో అతన్ని పిలవనేలేదు.