ఖాళీగా ఉంచిన నాలుగో అర్ర

మా సార్ పోయారన్న కబురు మొన్న పొద్దున నారాయణగూడ బస్టాపులో తెలిసింది. మా ఇన్‌స్టిట్యూట్ ప్యూన్ స్కూటర్ ఆపి చెప్పాడు. వచ్చిన బస్సు వదిలేసి అశోక్‌నగర్‌లో ఆయన ఇంటికి నడిచి వెళ్లాను.

చిక్కడపల్లిలో మిఠాయి దుకాణం పైన ఉన్న కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో మేమిద్దరం పాఠాలు చెప్పేవాళ్లం. పక్షవాతం వచ్చి సార్ కుడిచెయ్యి పడిపోయింది. ఎడమచేత్తో మౌస్ పట్టుకుంటే బాణం ఎటో పోయేది. ఒకదాని మీద ఒకటి పడ్డ విండోలను జరపలేక క్లాసు మధ్యలో ఆగిపోయేవారు.

"సార్, జర రెస్ట్ తీస్కోండ్రి. కొత్తాయనను చూస్తున్న," అన్నాడు ఓనర్.

"నెల టైమియ్యి. ఒక్క చేత్తోని చెప్త. నచ్చకపోతే నువ్వన్నట్లే," అన్నారు సార్.

ఆ నెలలో ఆయన చేసిన పని కళ్లారా చూశాను కాబట్టి నమ్ముతున్నాను. విండోలను గచ్చు మీద బండల్లా పక్కపక్కనే పరిచే ప్రోగ్రాం ఒకటి, మార్చుకునే వీలుగా సోర్స్ కోడ్‌తో సహా, ఏదో పత్రిక సీడీలో దొరికింది. మౌస్ అక్కర్లేదు, అంతా కీబోర్డే. అందులో నాలుగు వర్క్‌స్పేస్‌లు. సార్ వాటిని అర్రలు అనేవారు, అంటే గదులు. చిక్కేమిటంటే, ఒక అర్రలోంచి ఇంకోదానిలోకి వెళ్లొస్తే పరిచినవన్నీ చెదిరిపోయేవి.

"పక్కింటికి పోయొస్తే ఇంట్ల సామాను తారుమారైతదా?" అని విసుక్కున్నారు. ఏ విండో ఎక్కడుందో, చివరగా ఎక్కడ టైపు చేశామో అర్రలు గుర్తుంచుకునేలా తిరగరాశారు.

చిన్న మార్పుకైనా ప్రోగ్రాం మొత్తం మొదటినుంచీ కంపైల్ అయ్యేది, అంటే కంప్యూటర్‌కు అర్థమయ్యే భాషలోకి మారేది. సగంలో కరెంటు పోతే మళ్లీ మొదలు. అందుకని మారిన ఫైళ్లు మాత్రమే కంపైల్ అయ్యేలా మేక్‌ఫైల్ అనే సూచనల జాబితా రాశారు. మురిసిపోయాం. మర్నాడే స్క్రీన్ నల్లబడింది. అన్ని ఫైళ్లూ వాడుకునే హెడర్ ఫైలును అందులో చేర్చడం మరిచిపోయారు. దాంతో అది మారినా, దాన్ని వాడే ఫైళ్లలో సగమే కొత్తగా కంపైల్ అయ్యాయి, సగం పాతవే. కారణం తెలిశాక పడీపడీ నవ్వారు.

"చుట్టాలొస్తున్నరని ఇంటందరికి చెప్పి, వంటింట్ల చెప్పలే నేను!"

నెల తిరిగింది. ఓనర్ వెనక బెంచీలో కూర్చున్నాడు. సార్ ఎడమచెయ్యి మీటల మీద ఆడింది. పాఠం ఒక అర్రలో, ప్రోగ్రాం ఒక అర్రలో, ఫలితం ఇంకోదానిలో. మధ్యలో ఒకమ్మాయి డౌట్ అడిగింది. సార్ ఖాళీగా ఉన్న నాలుగో అర్ర తెరిచి కీబోర్డు ఆమె వైపు జరిపారు.

"రా బిడ్డా, ఇది నీదే. రాయి."

ఆమె రాసింది, తప్పు తనే పట్టుకుంది. సార్ ఒక మీట నొక్కారు. ఆయన పాఠం ఆగిన అక్షరం దగ్గరే ఆగి ఉంది. ఓనర్ లేచి, "కొత్తాయన ఎందుకు సార్ ఇంగ," అన్నాడు.

నాలుగోది ఎప్పుడూ ఖాళీ ఎందుకని తర్వాత అడిగాను.

"ఎవరన్న డౌట్ తీస్కొని వస్తరమ్మా. వాళ్లొచ్చినంక జాగ చేస్తే ఏం బాగుంటది?"

అలాంటి మనిషి పక్కన పనిచేయడం నా అదృష్టం. ఆ మాట ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు.

మొన్న వాళ్లింట్లో కంప్యూటర్, అదే అర్రల ప్రోగ్రాంతో, ఇంకా నడుస్తూనే ఉంది. "పొద్దున దీని ముందర్నే కూర్చున్నరమ్మా. బంద్ చేసుడు నాకు రాదు, నువ్వు చెయ్యి," అంది సార్ భార్య.

మొదటి అర్రలో సగం రాసిన వాక్యం, దాని చివర మిణుకుమిణుకుమంటున్న గీత. బంద్ చేయబోయి నాలుగోది నొక్కాను. ఖాళీగా, శుభ్రంగా ఉంది. పక్కన, వచ్చినవాళ్ల కోసం వేసే కుర్చీ కూడా అలాగే ఉంది. అందులో కూర్చున్నాను. సార్‌ను అడగాల్సినవి ఇంకా చాలా ఉన్నాయి.