ముందు మీరు చూడండి, బావగారూ

గడచిన నెల, మంచు ఇంకా కరగకముందే, స్టుట్‌గార్ట్‌లోని ఒక ఆసుపత్రిలో మా వియ్యంకులు, అనగా నా కోడలి తండ్రిగారు, దేహం చాలించారు. నేడు వారి మొదటి మాసికం. నువ్వులూ నీళ్లూ విడవడం పుత్రధర్మం. దానిని వారబ్బాయి యథావిధిగా నెరవేరుస్తున్నాడు. విడవలేనిదానిని నాలుగు మాటల్లో పెట్టడం నా వంతు. పితృకార్యానికి శ్రద్ధ ప్రధానమని పెద్దలు చెప్పారు. నాకు శ్రద్ధతోపాటు కొంత కోపం కూడా ఉన్నది. చదువరులు మన్నింతురు గాక.

ఆయన గోదావరి సీమలో ఒక కళాశాలలో జంతుశాస్త్రం చెప్పి విశ్రాంతి పొందినవారు. ఇల్లాలు గతించిన పిమ్మట స్టుట్‌గార్ట్‌లో కొడుకు వద్ద ఉండేవారు. నేను తెలుగు, సంస్కృతాలు చెప్పుకొని బతికినవాణ్ణి. కార్ల్స్‌రూహెలో నా కొడుకు, కోడలి వద్ద ఉంటున్నాను. శనివారం శనివారం ఆయన రైలెక్కి మా ఇంటికి వచ్చేవారు. ఆయనలోని గొప్ప గుణం మర్యాద. నన్ను వేపుకు తిన్న గుణమూ అదే. ఆడపిల్ల తండ్రి మగపిల్లవాడి తండ్రికంటె ముందు కూర్చోరాదు, ముందు విస్తరి ముట్టరాదు, ముందు గుమ్మం దాటరాదు. పెళ్లిపందిట్లోనే చెల్లిపోవలసిన ఈ నియమాన్ని ఆయన సముద్రాలు దాటించి ఇక్కడికి తెచ్చుకున్నారు.

ఒకనాడు ట్రామ్ వచ్చి ఆగింది. తలుపు తెరుచుకున్నది.

"ఎక్కండి బావగారూ."

"దగ్గరున్నది మీరు. మీరెక్కండి."

"ఆయ్, ఎంతమాట! ముందు మీరు."

"చలి చంపుతున్నదయ్యా, ఎక్కండి!"

"చిత్తం. మీ వెనకాలేనండి."

తలుపు మూసుకున్నది. ట్రామ్ వెళ్లిపోయింది. లోపల ఎక్కేసిన మా కోడలు అద్దంలోంచి చేతులు ఊపుతూ దూరమైంది. తరవాతి స్టాపులో దిగి, నడిచి వెనక్కి వచ్చి, "నాన్నా, ఈ దేశంలో ట్రామ్ మామయ్యగారి కోసం కూడా ఆగదు. పెళ్లై ఇన్నేళ్లైంది, ఇంకా మీ మర్యాదలేంటి?" అన్నది.

"పెళ్లైనా నేను పిల్లనిచ్చినోణ్ణే కదమ్మా" అన్నారాయన, కించిత్తు కూడా సిగ్గుపడకుండా.

ఆయనకు జీవితంలో ఒకే కోరిక. ఉద్యోగమున్నన్నాళ్లూ నల్లబల్ల మీద సుద్దముక్కతో తిమింగిలాన్ని గీసి పాఠం చెప్పారు. ప్రాణమున్న తిమింగిలాన్ని ఒక్కసారైనా చూడలేదు. నేను మా శాస్త్రాల ధోరణిలో, తిమి అనేది మహామత్స్యమనీ, దానిని మింగేది తిమింగిలమనీ, దానినీ మింగే తిమింగిలగిలం వేరే ఉన్నదనీ చెప్పేవాణ్ణి. ఆయన నవ్వేవారు.

"మీ దాంట్లో ఎంతసేపూ మింగుడేనండి. నా జంతువు మన్లాగే గాలి పీలుస్తది, పిల్లకి పాలిస్తది. చేప కాదండి, తల్లి."

ఈ కోరిక తీర్చాలని మా కోడలు పట్టుపట్టింది. అట్లాంటిక్ నడుమ పోర్చుగల్ వారి అజోర్స్ ద్వీపాల చుట్టూ, కడలి జంతువులను చూపుతూ తిరిగే ఒక చిన్న నౌకలో మా ముగ్గురికీ చోటు సంపాదించింది. నన్నెందుకని అడిగాను. "మీరు రాకపోతే నాన్న రారు మామయ్యగారూ" అన్నది. నిజమే.

ఆ దీవులు అగ్నిపర్వతాలు కక్కిన నల్లరాళ్లు. నీటి కిందినుంచి లేచి, మేఘాలను తలపాగాగా చుట్టుకొని నిలుచున్నాయి. కడలి కడుపులో బడబాగ్ని ఉన్నదని జీవితమంతా పాఠం చెప్పాను; అది చల్లారి శిలయైన రూపాన్ని అక్కడ కంటితో చూశాను. ఆ మాట పైకన్నాను. ఆయన వెంటనే చేతులు జోడించారు. "చూశారా, మీ పాఠం మీకు కనబడింది. నాదీ కనబడతది లెండి."

కనబడలేదు. ఒకరోజు పొగమంచు, మరొకరోజు కెరటాలు. డాల్ఫిన్లు వచ్చాయి, తాబేలు వచ్చింది, గోధుమరంగు సముద్రపక్షులు నీటిని రాసుకుంటూ తిరిగాయి. తక్కిన జర్మన్ యాత్రికులు పొడుగాటి కెమెరాలతో ఓడ అంచున బారులు తీరితే, ఈయన నా వెనుక నిలబడేవారు. తొందరపడండయ్యా అంటే, "ఒకర్నొకరు తొక్కుకుని చూసేది కాదండి, దానంతటది వస్తది" అనేవారు. ఈ సూక్తి విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండేది.

చివరినాడు వచ్చింది. ముందుగా పసిగట్టినది ఆయనే. ఓడలో జంతువులను చూపే ఉద్యోగిని నోరు తెరవకముందే ఆయన నా భుజం పట్టుకున్నారు. ఎన్నడూ నన్ను తాకని మనిషి.

"ఊపిరండి! చిమ్మింది చూశారా, ఎడంపక్కకి వాలింది. అలా వాలేది స్పెర్మ్ వేల్‌దేనండి! అదేనండి!"

మెడలోని దుర్భిణిని తీశారు. కంటికి పెట్టుకుంటారనుకున్నాను. నా మెడలో వేశారు.

"ముందు మీరు చూడండి, బావగారూ."

"నాకెందుకయ్యా! మీ జన్మంతా దీనికోసమే కదా! చూడండి!"

"చిత్తం. మీరొక్కసారి చూసి ఇచ్చెయ్యండి."

వాదిస్తే ఆలస్యమని కళ్లజోడు మీదనే దానిని ఆనించాను. బూడిదరంగు మసక తప్ప ఏమీ లేదు. చక్రం ఇటు తిప్పాను, అటు తిప్పాను. ఓడంతా ఒక్కసారిగా "ఆహ్" అన్నది. దుర్భిణి దించేసరికి నీటి మీద నున్నటి వలయం ఒకటి పరుచుకొని ఉన్నది. పక్కకు చూస్తే ఆయన సముద్రం వైపే లేరు. నా ముఖంలోకి చూస్తున్నారు.

"కనపడిందాండి?"

మా కోడలు అక్కడే చెక్కల మీద కూలబడింది. "నాన్నా! దానికి బైనాక్యులర్ అక్కర్లేదు! అంత తోక, ఎదురుగా, మన ముందే లేచింది! ఓడలో అందరూ చూశారు, మీరిద్దరు తప్ప! ఇంతదూరం తీసుకొచ్చింది మీ మర్యాదలు చూడ్డానికా?"

అది మునిగితే చాలాసేపటికి గాని తేలదట. ఓడ అంతసేపు ఆగలేదు. ఆ రాత్రి భోజనాల దగ్గర నేను కోపంతో పళ్లెం పక్కకు నెట్టాను. ఆయన మాత్రం నేను ముద్ద ఎత్తేదాకా ఎదురుచూసి, తాను తిన్నారు. "ఏవండీ, ఉందని తెలిసింది కదా. మళ్లీ వద్దాం" అన్నారు.

మళ్లీ పోయే ఏర్పాట్లు నిరుడు శరత్తులో మొదలయ్యాయి. అప్పటికి నా మోకాలు మొరాయించింది. వైద్యుడి టెర్మిన్, అంటే ముందుగా ఇచ్చే సమయం, కోసం ఫోన్లు చేసి చేసి విసిగి, చివరికి ఏప్రిల్‌లో ఒకటి సంపాదించింది మా కోడలు. మీరు వెళ్లి రండని ఆయనతో ఎన్ని విధాల చెప్పానో! కోప్పడ్డాను, బతిమాలాను, వియ్యపువాడిగా ఆజ్ఞాపించాను కూడా. అన్నింటిలో నా మాట చెల్లించిన మనిషి ఆ ఒక్కదానిలో చెల్లించలేదు.

"మీరు లేకండా నేనెలా చూస్తానండి? మోకాలు నయమవనివ్వండి."

ఏప్రిల్ రానే లేదు, ఆయన జబ్బుపడ్డారు. నేను ఆసుపత్రికి చూడబోయినప్పుడు, మాట పడిపోయిన మనిషి, మంచం పక్కనున్న కుర్చీ వైపు చెయ్యి చూపారు. నేను కూర్చున్నాకనే కళ్లు మూసుకున్నారు. తెల్లవారేసరికి లేరు. ఇన్నేళ్లలో నన్ను అడగకుండా ఆయన ముందు నడిచినది ఆ ఒక్క తోవలోనే. వయసులో పెద్దవాణ్ణి నేను. ఈ అమర్యాదకు ఎవరితో మొరపెట్టుకోను?

మర్యాదను గురించి నేను తరగతుల్లో ఎన్ని పద్యాలకు అర్థం చెప్పానో లెక్కలేదు. వాటిలో ఏ ఒక్కటీ ఆయన చేసిన పని చేయలేదు. దుర్భిణి ఇప్పుడు నా కిటికీ దగ్గర ఉన్నది. తండ్రి గుర్తుగా మా కోడలు తెచ్చి పెట్టింది. నేను దానిని కంటికి ఆనించలేదు.

ఈ ఉదయం మా కోడలితో మాసికానికి బయలుదేరి స్టాపులో నిలుచున్నాను. ట్రామ్ వచ్చింది. తలుపు తెరుచుకున్నది. నా కాళ్లు వాటంతటవే ఒక అడుగు వెనక్కి వేశాయి. చెయ్యి, ఎవరినో ఎక్కమన్నట్లు, ముందుకు సాగింది. ఖాళీ మెట్టు కాసేపు అలాగే ఉన్నది. తలుపు మూసుకున్నది. "మామయ్యగారూ!" అని లోపల్నుంచి మా కోడలు అద్దం మీద చెయ్యి ఆనించి చూస్తూ దూరమైంది. ఈసారి ఆమె కోప్పడలేదు.

మా వెనుక వచ్చే పిల్లలారా, కడలి తన లోతుల్లోనిది మీకు చూపదలచినప్పుడు మీ కళ్లు దానిమీదనే నిలుచుగాక. ఒకవేళ పక్కకు తిరిగితే, అవి తిరిగిన ముఖం మీ కంటె ముందుగా మీ సంతోషాన్ని చూడగోరేవారిదే అగుగాక.